మ్యాట్‌ల్యాబ్ లేదా తత్సమానం

జేఎన్‌టీయూ హైదరాబాద్ వాళ్ళ ఆర్18 సిలబస్‌లో ఈసీఈ రెండో సంవత్సరం పిల్లలకి బేసిక్ సిమ్యులేషన్ ల్యాబ్ అని ఒకటుంది. ఆ ప్రయోగాల జాబితా దగ్గర ఒక చిన్న గమనిక కనిపిస్తుంది. ఇవన్నీ మ్యాట్‌ల్యాబ్‌లో గానీ, తత్సమానమైన సాఫ్ట్‌వేర్‌లో గానీ చెయ్యాలి అని. ఇంగ్లీషులో 'ఆర్ ఈక్వివలెంట్ సాఫ్ట్‌వేర్' అని ఉంటుంది. ఒకే కంపెనీ పేరు రాస్తే రేపెవరైనా వేలెత్తి చూపిస్తారని పెట్టిన మాటేమోనని నా అనుమానం. టెండర్ కాగితాల్లో కూడా ఇలాంటివి చూస్తూనే ఉంటాం కదా. ఎందుకు పెట్టినా, ఆ మాట వెనక యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకే మన కాలేజీల్లో ముందు పేరు ఒక్కటే చదివి తర్వాతి మాటలు వదిలేస్తున్నారని నా అభిప్రాయం.

నాకు ఈ గొడవ ఎందుకంటే, కారణం అజీజ్‌నగర్ దారిలో ఉంది. మెహదీపట్నం నుంచి చేవెళ్ళ రోడ్డు పట్టుకుని పోలీస్ అకాడమీ దాటితే వచ్చే ఊరు. వీసా మొక్కు కోసం చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు, స్టాంపింగ్ అయ్యాక నూటెనిమిది చేసినవాళ్ళు మనలో బోలెడుమంది. వాళ్ళకి ఈ దారి కొత్త కాదు. ఒకవైపు గండిపేట చెరువు, ఇంకోవైపు హిమాయత్‌సాగర్, ముందుకెళ్తే ఆ పెద్ద పెద్ద మర్రిచెట్లు. వాటితోపాటు ఇంజనీరింగ్ కాలేజీలు. 1998లో పెట్టిన విద్యాజ్యోతి, తర్వాత వచ్చిన కేఎల్ యూనివర్సిటీ హైదరాబాద్ క్యాంపస్ అజీజ్‌నగర్‌లోనే ఉన్నాయి. గండిపేట వైపు సీబీఐటీ, ఎంజీఐటీ. మొయినాబాద్ దాకా ఇంకా ఉన్నాయి. ఈ కాసిని కిలోమీటర్లలో ఎంతమంది అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఒకపక్క పాఠాలు చెప్తూ ఇంకోపక్క పీహెచ్‌డీ చేస్తున్నారో ఊహించుకోండి.

మా చిన్నాన్న కూతురు అలాంటివాళ్ళలో ఒకతి. ఏ కాలేజీయో చెప్పను. తన సమస్య ఒక్క ముక్కలో చెప్పింది: "అన్నా, నా కోడ్ కాలేజ్ల నడుస్తది, ఇంట్ల నడవది. ఇంట్ల ఉన్నప్పుడే నాకు టైముంటది." కాలేజీ లైసెన్సు ల్యాబు మిషన్లకే. ల్యాబేమో సాయంత్రానికి తాళం. తనకి కావలసిన టూల్‌బాక్స్ కాలేజీ వాళ్ళు కొననే లేదు. మ్యాట్‌ల్యాబ్ కొన్నంత మాత్రాన అన్నీ వచ్చెయ్యవు, టూల్‌బాక్సులు విడివిడిగా కొనుక్కోవాలి. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఒక యూనివర్సిటీలో, ఉద్యోగం ఇంకో ప్రైవేటు కాలేజీలో. ఈవిడ ఎవరి లైసెన్సు కిందికి వస్తుందో రెండు చోట్లా ఎవరూ తేల్చి చెప్పలేదు. ఇలాంటప్పుడు మన దేశంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెన్‌డ్రైవ్‌లో 'ఆ కాపీ' చేతులు మారుతుంది. మా రోజుల్లో సీడీల మీద మార్కర్‌తో రాసి అమ్మేవాళ్ళు, అంతే తేడా. కానీ థీసిస్‌లో ఏ సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు చేశారో పేరూ వెర్షనూ రాయాలి. నాలుగేళ్ళ కష్టం కింద దొంగ కాపీ పేరు రాసుకోవడం తనకి ఇష్టం లేదు. నాకు అది నచ్చింది.

డబ్బు సంగతి కూడా చూడండి. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవాళ్ళకి 2010లో నెలకి 16,000 రూపాయలు, 2014లో 25,000, 2019లో 31,000, 2023 నుంచి 37,000. అది కూడా ఫెలోషిప్ వచ్చినవాళ్ళకి. పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసే లెక్చరర్‌కి ఆ పైసలు కూడా రావు, పైగా ఫీజు తనే కట్టాలి. జర్నళ్ళ కోసం కేంద్రప్రభుత్వం 2024లో 'ఒకే దేశం ఒకే చందా' అని మూడేళ్ళకి 6,000 కోట్లు మంజూరు చేసింది. మంచిదే. అది పేపర్లు చదువుకోవడానికి. ఆ పేపర్లలోని లెక్క తిరిగి చేసి చూసుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ అందులో లేదు.

సరే, చరిత్రకొద్దాం. మనవాళ్ళలో గట్టిగా నాటుకుపోయిన నమ్మకం ఒకటుంది: అసలు సరుకు ఖరీదైనది, ఉచితమైనవి దానికి నకళ్ళు అని. జరిగింది దాదాపు తలకిందులుగా.

1970ల్లో అమెరికాలో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల కేంద్రంగా రెండు ఫోర్ట్రాన్ లైబ్రరీలు తయారయ్యాయి. ఐగెన్ విలువల కోసం ఐస్‌ప్యాక్, సమీకరణాలు సాధించడానికి లిన్‌ప్యాక్. ఖర్చు ప్రభుత్వానిది. ఐస్‌ప్యాక్‌కి మూలం విల్కిన్‌సన్, రైన్ష్ అనే ఇద్దరు 1971లో పుస్తకంగా అచ్చేసిన అల్గాల్ ప్రొసీజర్లు. అంటే ఎవరైనా లైబ్రరీలో తెరిచి చదువుకోగలిగిన కోడు. లిన్‌ప్యాక్ రాసిన నలుగురిలో క్లీవ్ మోలర్ ఒకడు. న్యూమెక్సికో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. తన విద్యార్థులు ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు రాసే బాధ లేకుండా ఈ లైబ్రరీలు వాడుకోవాలని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అందులో ఉన్న డేటా టైపు ఒక్కటే, మాట్రిక్సు. ఫంక్షన్లు సుమారు 80. పేరు మ్యాట్‌ల్యాబ్. అడిగినవాళ్ళందరికీ కాపీలు ఊరికే ఇచ్చేవాడు. 1979లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక కోర్సు చెబుతూ అక్కడ దీన్ని వాడాడు. లెక్కల పిల్లలకంటే ఇంజనీరింగ్ పిల్లలకి ఎక్కువ నచ్చిందట. ఆ గాలి జాక్ లిటిల్ అనే కంట్రోల్ ఇంజనీరుకి సోకింది. స్టీవ్ బ్యాంగర్ట్ అనే మరొకతనితో కలిసి మొత్తం సీలో తిరగరాశాడు. 1984లో కంపెనీ పుట్టింది. 1985లో మొదటి ఆర్డరు ఎంఐటీ నుంచి, 10 కాపీలు, 500 డాలర్లు.

ఇందులో నాకు మోసమేమీ కనబడలేదు. లిటిల్ పీసీ భవిష్యత్తుని ముందే చూసి ఉద్యోగం వదులుకుని కష్టపడ్డాడు, ఫలితం దక్కింది. అమ్ముకోవడం తప్పయితే మీకూ నాకూ జీతాలెక్కడివి? చెప్పొచ్చేదేమిటంటే, లోపలి లెక్క మాత్రం మొదటి నుంచీ అందరి సొత్తు. 2000లో మ్యాట్‌ల్యాబ్ పాత లైబ్రరీలు వదిలి ల్యాప్యాక్‌కి మారింది. అదీ జనం సొమ్ముతో యూనివర్సిటీల్లో రాసినదే, ఎవరైనా ఊరికే దించుకోవచ్చు. మీరు ఆక్టేవ్‌లో ఏ బ్యాక్‌స్లాష్ బి అని కొట్టినా, మ్యాట్‌ల్యాబ్‌లో కొట్టినా, మామూలు మాట్రిక్సయితే చివరికి పని చేసేది ల్యాప్యాక్ పద్ధతులే. కింద ఉన్న బ్లాస్ వేరు కావచ్చు. ఒకదాని కింద ఇంటెల్ వాళ్ళది, ఇంకోదాని కింద ఓపెన్‌బ్లాస్. వేగంలో కొంచెం అటూఇటూ అవ్వొచ్చు గానీ "ఉచితందైతే జవాబు తప్పొస్తుందేమో" అనే భయానికి ఆధారం లేదు.

ఆల్జీబ్రా వైపు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1968లో ఎంఐటీలో మ్యాక్‌సైమా అనే ప్రోగ్రాం మొదలైంది. సంకేతాలతో కలనం చెయ్యగలదు, ఇంటిగ్రేషన్ చెయ్యగలదు. దీనికీ ప్రభుత్వ డబ్బే. 1982లో ఎంఐటీ దాన్ని సింబాలిక్స్ అనే కంపెనీకి లైసెన్సు ఇచ్చేసింది. ఇంతలో కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ వాళ్ళకి మ్యాక్‌సైమా నడపగల పెద్ద మిషను కొనాలంటే తలకు మించిన భారమైంది. దాంతో 1980 చివర్లో కూర్చుని, చిన్న మిషన్ల మీద నడిచే మన ప్రోగ్రాం మనమే రాసుకుందాం అనుకున్నారు. అదే మేపుల్. అవును, ఇవాళ మన డిపార్టుమెంట్లు ధర చూసి వెనక్కి తగ్గే మేపులే! ఒకప్పుడు అదే డబ్బుల్లేనివాళ్ళ ప్రత్యామ్నాయం.

మరి మ్యాక్‌సైమా ఏమైంది? సింబాలిక్స్ కంపెనీ పడిపోయింది. అయితే అమెరికా ఇంధన శాఖ దగ్గర ఇంకో కాపీ ఉండిపోయింది. టెక్సాస్ యూనివర్సిటీలో విలియం షెల్టర్ అనే లెక్కల ప్రొఫెసర్ 1982 నుంచీ ఆ కాపీని ఒంటిచేత్తో బతికించుకుంటూ వచ్చాడు. అది నడవడానికి సరైన లిస్ప్ కావాలి కాబట్టి లిస్ప్ కంపైలర్ కూడా తనే చూసుకున్నాడు. 1998లో దాన్ని జీపీఎల్ కింద విడుదల చెయ్యడానికి ఇంధన శాఖ నుంచి అనుమతి సంపాదించాడు. పేరు మ్యాక్సిమా. 2001లో ఆయన చనిపోయాడు. ఆ అనుమతి కాగితం మూడేళ్ళు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ముప్ఫై ఏళ్ళ పని ఒక మనిషితోపాటు పోయి ఉండేది. ఇప్పుడది ఎవరి లాప్‌టాప్ మీదైనా నిమిషాల్లో ఇన్‌స్టాల్ అవుతుంది.

ఆక్టేవ్ పుట్టుక వేరు. విస్కాన్సిన్‌లో రాలింగ్స్, టెక్సాస్‌లో ఎకర్ట్ కలిసి కెమికల్ రియాక్టర్ డిజైన్ మీద ఒక పాఠ్యపుస్తకం రాస్తున్నారు. దానికి తోడుగా ఒక చిన్న ప్రోగ్రాం కావాలని 1988 ప్రాంతంలో అనుకున్నారు. ఫోర్ట్రాన్‌లో చేయించొచ్చు కానీ పిల్లల టైమంతా రియాక్టర్ల బదులు ఫోర్ట్రాన్ ఎర్రర్ల మీదే పోతోంది. జాన్ ఈటన్ 1992లో పని మొదలుపెట్టి 1994లో మొదటి పూర్తి వెర్షన్ ఇచ్చాడు. పేరు సంగీతంలోంచి వచ్చిందనుకుంటారు చాలామంది. కాదు, ఈటన్‌కి పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరది. మన దగ్గర కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి లెవెన్‌స్పీల్ అనగానే లావుపాటి పుస్తకం గుర్తొస్తుంది, ఆయనే. గణాంకాల్లో ఆర్ కూడా ఇలాగే తరగతి గదిలోంచి వచ్చింది. న్యూజీలాండ్‌లో ఇహాకా, జెంటిల్‌మన్ తమ విద్యార్థుల కోసం మొదలుపెట్టి 1995లో జీపీఎల్ కిందికి తెచ్చారు. ఫ్రాన్సులో ఇన్రియా సంస్థ సైల్యాబ్‌ని 1994 నుంచి ఊరికే పంచింది. దాని లైసెన్సులోని మెలికలు 2008లో ఐదో వెర్షన్‌తో గానీ పోలేదు.

ఆర్ అన్నాక మన సి.ఆర్.రావు గారిని తలచుకోకుండా ఉండలేను. తెలుగింటి బిడ్డ, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయిన ఆయన పేపర్లోంచే క్రామర్-రావు పరిమితి వచ్చింది. 2023లో 102 ఏళ్ళ వయసులో పోయారు. ఆ సూత్రం వాడుకున్నందుకు ప్రపంచంలో ఎవరూ ఆయనకి లైసెన్సు ఫీజు కట్టలేదు, ఆయన అడగలేదు. అది కోడుగా మారి ఒక ప్రోగ్రాంలో చేరాక మాత్రం మీటరు తిరుగుతుంది. గ్యాప్ అనే గ్రూప్ థియరీ సాఫ్ట్‌వేర్‌ని 1986లో జర్మనీలో మొదలుపెట్టిన యోవాహిమ్ నాయ్‌బ్యూజర్ దాదాపు ఇదే మాట అనేవాడు. ఒక సిద్ధాంతాన్నీ దాని నిరూపణనీ లైబ్రరీలో ఊరికే చదివి జీవితాంతం వాడుకోవచ్చు, ప్రోగ్రాంకి మాత్రం డబ్బు కట్టాలి, పైగా లోపలేముందో చూడనివ్వరు, ఇదేం గణితం అని ఆయన బాధ.

'లోపలేముందో చూడనివ్వరు' అన్నది ఏదో ఆదర్శవాదుల గొణుగుడు అనుకునేవాళ్ళ కోసం ఒక కేసు. డురాన్, పెరెజ్, వరోనా అని ముగ్గురు స్పెయిన్ గణితవేత్తలు. ఏదో ఊహని పరీక్షిస్తూ మ్యాథమాటికాలో పెద్ద పెద్ద పూర్ణాంకాల మాట్రిక్సులకి డిటర్మినెంట్లు వేస్తున్నారు. తేడా జవాబులొచ్చాయి. మొదట తమ గణితమే తప్పేమోనని తలలు పట్టుకున్నారు. ఇంకో ప్రోగ్రాంతో పోల్చి చూస్తే అది వేరే జవాబు చెప్పింది. చివరికి తేలిందేమిటంటే, మ్యాథమాటికాలో అదే మాట్రిక్సుకి అదే డిటర్మినెంట్ రెండోసారి అడిగితే ఇంకో జవాబొస్తోంది! 2013లో కంపెనీకి రిపోర్ట్ చేసి, 2014లో అమెరికా గణిత సంఘం వాళ్ళ నోటీసెస్ పత్రికలో ఇదంతా రాశారు. బగ్ అన్నాక ఉంటుంది. మనం రోజూ రాసేవే కదా! ఉచిత ప్రోగ్రాముల్లోనూ ఉంటాయి. కానీ తప్పు ఎక్కడుందో తెరిచి చూసే దారి వాళ్ళకి లేకపోయింది. మీ టీమ్‌లో ఒకడు "నా కోడ్ చూపించను, అవుట్‌పుట్ నమ్ము" అంటే కోడ్ రివ్యూలో ఒప్పుకుంటారా?

ఇంకో సంగతి 2020 జూన్‌లో జరిగింది. చైనాలో హార్బిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అమెరికా ఆంక్షల జాబితాలోకెక్కింది. వాళ్ళకి మ్యాట్‌ల్యాబ్ వాడకం ఆగిపోయింది. డబ్బు కట్టనందుకు కాదు. కట్టినా ఆగింది. మనకేం అవుతుందిలే అనుకోకండి. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అదే ఏడాది అమెరికా ఆంక్షల జాబితాలో మన సంస్థలు రెండొందల దాకా చేరాయి. అందులో హైదరాబాదులోని రక్షణ, అణుశక్తి సంస్థలున్నాయి. అంతకుముందు క్రే సూపర్‌కంప్యూటర్ ఇవ్వననే కదా 1988లో సీడాక్ పెట్టుకుని 1991కల్లా పరమ్ తయారుచేసుకున్నాం. మిషను విషయంలో నేర్చుకున్న పాఠం సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాం.

పూర్తిగా మర్చిపోలేదు లెండి. 2009 ప్రాంతంలో కేంద్ర విద్యాశాఖ డబ్బుతో ఐఐటీ బాంబేలో ఫాసీ అనే ప్రాజెక్టు మొదలైంది. ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య నడిపించారు. వాళ్ళు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది టెక్స్ట్‌బుక్ కంపానియన్. మనం చదివే పాఠ్యపుస్తకాల్లో సాధించి చూపించిన లెక్కలుంటాయి కదా, వాటన్నిటికీ సైల్యాబ్‌లో కోడు రాయాలి. రాసేది విద్యార్థులూ లెక్చరర్లూ. రాసినందుకు కొంత డబ్బు కూడా ఇస్తారు. అలా వందల పుస్తకాలు పూర్తయ్యాయి. ల్యాబ్ మైగ్రేషన్ అని ఇంకోటి ఉంది. కాలేజీలో మ్యాట్‌ల్యాబ్ మీద నడిచే ల్యాబు ప్రయోగాలన్నీ సైల్యాబ్‌లోకి మార్చి ఇస్తారు. 'ఆర్ ఈక్వివలెంట్' అన్నదాన్ని నిజం చేసే పనంటే ఇదే. అక్కడే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో పది నిమిషాల చిన్న వీడియోలుంటాయి, కొన్నిటికి తెలుగు గొంతు కూడా ఉంది. అమీర్‌పేటలో కోచింగుకి పోసే డబ్బుతో పోలిస్తే ఇది ఊరికే. అయినా ఎంతమంది లెక్చరర్లకి దీని సంగతి తెలుసని అడిగితే, నేనడిగిన నలుగురిలో ఒక్కరికి తెలుసు.

మా చెల్లి సంగతికొస్తే, తన కోడు ఆక్టేవ్‌లోకి మార్చడానికి రెండు శనాదివారాలు పట్టింది. ఆక్టేవ్ వాళ్ళు మ్యాట్‌ల్యాబ్‌తో పొసగకపోవడాన్ని బగ్‌గా లెక్కేస్తారు కాబట్టి చాలా ఫైళ్ళు మార్పు లేకుండానే నడిచాయి. సిగ్నల్ ప్యాకేజీ విడిగా లోడు చెయ్యాలని తెలియక ఒక పూట పోయింది. రెండు మూడు ఫంక్షన్లు ఆక్టేవ్‌లో లేకపోతే కూర్చుని రాసుకుంది. "రాసినంక గా ఫంక్షన్ లోపల ఏం జరుగుతదో ఇప్పుడు తెలిసిందన్నా" అంది.

ఇక్కడే నిజం ఇంకోటి చెప్పాలి. తన పనిలో సిమ్యులింక్ మోడల్ ఒకటుంది. అది కదల్లేదు. సైల్యాబ్‌లో ఎక్స్‌కాస్ ఉంది, బొమ్మలు గీసి సిమ్యులేషన్ చెయ్యొచ్చు, కానీ సిమ్యులింక్ ఫైలు తీసుకెళ్ళి అందులో తెరవలేరు, మొదటి నుంచీ గీసుకోవాలి. పరిశ్రమలో, ముఖ్యంగా కార్ల కంపెనీల్లో, కంట్రోల్ పనులకి సిమ్యులింక్ ఎంత పాతుకుపోయిందో ఆ రంగంలో ఉన్నవాళ్ళకి తెలుసు. అక్కడ ఉద్యోగం కావాలనుకునే కుర్రాడికి "ఎక్స్‌కాస్ నేర్చుకో చాలు" అని నేను చెప్పను. డాక్యుమెంటేషన్ విషయంలోనూ డబ్బిచ్చి కొన్నదే మెరుగు. తత్సమానం అంటే అన్ని చోట్లా సమానం అనుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులతో నాకు పేచీ అక్కడే. కానీ బేసిక్ సిమ్యులేషన్ ల్యాబులో చేసేవి ఏమిటి? మాట్రిక్సుల మీద ఆపరేషన్లు, కాన్వల్యూషన్, ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్, నాయిస్‌లోంచి సిగ్నల్ తియ్యడం. ఇవన్నీ ఆక్టేవ్‌లో, సైల్యాబ్‌లో, పైథాన్‌లో ఎప్పటినుంచో ఉన్నవే. పీహెచ్‌డీల్లో కూడా సిమ్యులింక్ లేకుండా గడవని పనులు ఎన్ని, అలవాటుకొద్దీ వాడే పనులు ఎన్ని అని గైడ్లు ఒకసారి లెక్క చూసుకుంటే బాగుంటుంది.

ఇక మన సంగతి. సేజ్ గురించి ఇంతవరకూ చెప్పలేదు కావాలనే. విలియం స్టయిన్ అనే నంబర్ థియరీ మనిషి 2005లో దాన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు మాగ్మా అనే సాఫ్ట్‌వేర్‌కి తనే బోలెడు కోడు రాసిచ్చాడు. అది మూసి ఉన్న సరుకు కావడం నచ్చక బయటికొచ్చి మ్యాక్సిమా, గ్యాప్, పారి, ఆర్ లాంటివన్నీ పైథాన్ దారంతో గుచ్చి సేజ్ చేశాడు. యూనివర్సిటీల్లో దానికి సరైన డబ్బు దొరక్క కంపెనీ పెట్టుకున్నాడు, తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగం కూడా వదిలేశాడు. నంపై కథ కూడా వినండి. మీ ఆఫీసులో మెషీన్ లెర్నింగ్ అని ఎవరు ఏం చేసినా దాని ఛాయ లేకుండా ఉండదు. 2006లో ట్రావిస్ ఒలిఫాంట్ దాన్ని విడుదల చేశాడు. దాని అభివృద్ధికి మొదటి గ్రాంటు 2017లో వచ్చింది, మూర్ ఫౌండేషన్ నుంచి సుమారు 6,45,000 డాలర్లు. అప్పటిదాకా పదకొండేళ్ళు జనం సాయంత్రాలూ సెలవులూ పెట్టి నడిపించారు. జూలియా రాసిన ముగ్గురికి 2019లో విల్కిన్‌సన్ పేరు మీద ఇచ్చే బహుమతి వచ్చింది. ఐస్‌ప్యాక్‌కి మూలమైన ఆ విల్కిన్‌సనే. ఆ ముగ్గురిలో వైరల్ షా మన దేశం మనిషి.

ఈ లైబ్రరీల మీద కోట్ల డాలర్ల ప్రాజెక్టులు చేసే కంపెనీలు మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో వీధికి పది ఉన్నాయి. నంపై, సైపై, జూలియాలకి విరాళాలు తీసుకునే సంస్థ నమ్‌ఫోకస్, 2012 నుంచి ఉంది. చాలా కంపెనీల్లో ఉద్యోగి ఎంతిస్తే కంపెనీ అంత కలిపే పద్ధతి ఉంటుంది. ఆ జాబితాలో ఈ పేరుందో లేదో ఓసారి చూడండి. డబ్బు వద్దనుకుంటే ఇంకో పని ఉంది. ఫాసీ కోడ్లని సరిచూసేవాళ్ళూ, స్పోకెన్ ట్యుటోరియల్స్‌కి తెలుగు గొంతు ఇచ్చేవాళ్ళూ ఎప్పుడూ తక్కువే. మా చెల్లి తను రాసుకున్న ఆ రెండు మూడు ఫంక్షన్లని ఆక్టేవ్ వాళ్ళకి పంపడానికి శుభ్రం చేస్తోంది. టెస్టులు రాయడం తనకి రాదు, మనకి వచ్చు కదా అని ఆ పని నేను తీసుకున్నాను. ఒకటయింది, రెండోదాంట్లో కాంప్లెక్స్ సంఖ్యలిస్తే ఎందుకో పడిపోతోంది, ఈ ఆదివారం చూడాలి.